కొండ మీది నీరు, కింది రైతు మాట

నీటి దారులు: 9వ భాగం

1926 ఆగస్టులో బాలి దీవిలో బాతూర్ అగ్నిపర్వతం బద్దలైంది. తొమ్మిదేళ్ల ముందు కూడా అది లావా కక్కింది గానీ, అప్పటి ప్రవాహం ఊరి గుడి వాకిట్లోకి వచ్చి ఆగిపోయింది. తల్లి కాపాడిందనుకుని జనం ఊరు వదల్లేదు. ఈసారి లావా ఆగలేదు. ఊరినీ గుడినీ కప్పేసింది. బతికి బయటపడ్డవాళ్లు దేవిని వెంటబెట్టుకుని పర్వతపు గోడ ఎక్కి, ఎత్తయిన అంచు మీద మళ్లీ ఊరు కట్టుకున్నారు. ఇళ్లతో పాటే గుడీ లేచింది. ఇవాళ కింతామణి దగ్గర యాత్రికులు చూసే ఉలున్ దను బాతూర్ ఆలయం అదే.

ఒక కొండ ఊరి గుడి కోసం అంత తాపత్రయం ఎందుకంటే, దక్షిణ బాలిలో వరి పండే మళ్లలో చాలా వాటికి నీటి పెద్ద ఆ గుడే. అక్కడ కొలువైన దేవి దను, బాతూర్ సరస్సుకు అధిదేవత. అగ్నిపర్వతం నోట్లో ఏర్పడ్డ ఆ సరస్సు నుంచి కంటికి కనిపించే ఏరు ఒక్కటీ బయటికి పారదు. నీరు రాతి పొరల్లోకి ఇంకి, కొండ కింద ఊటలుగా పైకి లేచి, నదులై, చివరికి తమ మళ్లలోకి వస్తుందని దిగువ రైతుల విశ్వాసం. అందుకే ఎక్కడో సముద్రం ఒడ్డున నాట్లు వేసుకునే మనిషి కూడా, పంట చేతికొచ్చాక కొండ మీది తల్లికి తన వంతు ముడుపు పంపుతాడు.

గత రెండు భాగాల్లో కాకతీయుల గొలుసుకట్టు చెరువుల వెంట నడిచాం. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండే పద్ధతి మన పాఠకులకు పరిచయమే. మెట్ల మళ్లలో ఆ బంధం ఇంకా బిగువుగా ఉంటుంది. అక్కడ నీరు నిలవబెట్టుకునే చెరువు లేదు. పారే ఏటిని పారుతుండగానే పంచుకోవాలి. ఆ పంపకాన్ని వెయ్యేళ్లకు పైగా నిలబెట్టుకున్న రైతుల కథ ఇది. మధ్యలో పదిహేనేళ్ల పాటు దాన్ని ఎవరు, ఎంత మంచి ఉద్దేశంతో, ఎలా చెడగొట్టారన్న కథ కూడా.

బాలి నేల ముందు అర్థం కావాలి. దీవి నడుమ అగ్నిపర్వతాల వరస. వాటి వాలు మీద పేరుకున్న బూడిద రాయి మెత్తనిది. నదులు దాన్ని నిలువుగా కోసుకుంటూ లోతైన లోయల్లో పారతాయి. ఏరు కళ్ల ముందే పారుతుంటుంది, కానీ మడి దానికి ఎంతో ఎత్తులో ఉంటుంది. కాబట్టి నీరు కావలసిన రైతు చాలా పైకి వెళ్లి, ఏరు తన మడి కంటే ఎత్తులో ఉన్న చోట అడ్డుకట్ట వేయాలి. అక్కడి నుంచి కొండ పక్కనే కాలువ తీయాలి. అడ్డొచ్చిన గుట్టలోంచి సొరంగం తొలవాలి. కొన్ని సొరంగాలు కిలోమీటరు పైబడి సాగుతాయి. 9వ శతాబ్ది చివరి శాసనాల్లోనే సొరంగాలు తవ్వే పనివాళ్ల ప్రస్తావన ఉంది. 11వ శతాబ్ది శాసనాల నాటికి నీటి సంఘాల పేర్లు కూడా కనిపిస్తాయి. ఈ శాసనాలకు వేసిన ఏళ్లు శక సంవత్సరాలే. మన పంచాంగం లెక్కపెట్టే శకాన్నే బాలి ఈనాటికీ లెక్కపెడుతుంది. వాళ్ల కొత్త సంవత్సరం న్యెపి మన ఉగాది రోజుల్లోనే వస్తుంది.

ఈ అడ్డుకట్టల, కాలువల ఏర్పాటులో ఒక చిక్కుంది. నా మడికి నీరిచ్చే అడ్డుకట్ట నా ఊళ్లో ఉండదు. పై ఊళ్లో, ఒక్కోసారి ఒకనాటి వేరే రాజ్యంలో ఉంటుంది. నా కాలువ పరాయి పొలాల గుండా వస్తుంది. నేను ఒక్కణ్ణీ కత్తి పట్టుకుని దానికి కాపలా కాయలేను. ఈ బలహీనతలోంచి పుట్టిన సంఘం పేరు సుబక్.

ఒక కాలువ నీళ్లు తాగే మళ్ల రైతులందరూ ఒక సుబక్. ఊరి పంచాయతీతో దానికి పని లేదు. ఒకే ఊరివాళ్లు రెండు మూడు సుబక్‌లలో ఉండొచ్చు, ఒక సుబక్‌లో నాలుగు ఊళ్లవాళ్లు ఉండొచ్చు. హద్దులు గీసేది నీరే. దీవి మొత్తం మీద ఇలాంటివి దాదాపు 1,200 ఉన్నాయి. ఒక్కో దాంట్లో 50 నుంచి 400 మంది దాకా రైతులు. వాళ్లు ఎన్నుకునే పెద్ద పెకాసె. బాలి సమాజంలో కులభేదం గట్టిగానే ఉంది, మాట్లాడే భాషే కులాన్ని బట్టి మారుతుంది. సుబక్ సభలో మాత్రం ఎవరి హోదా వాళ్లు గుమ్మం బయట పెట్టి రావాలి. బ్రాహ్మణుడైనా, రాచ కుటుంబీకుడైనా సభకు రాకపోతే జరిమానా కట్టాలి, పూడిక తీసే రోజు పారతో రావాలి. ఈ కట్టుబాట్లను అవిగ్-అవిగ్ అంటారు. పూర్వం తాటాకుల మీద రాసుకునేవారు.

నీటిని పంచే సాధనం చూస్తే ముచ్చటేస్తుంది. కాలువకు అడ్డంగా ఒక దుంగ. దాని మీద వెడల్పు తేడాతో చెక్కిన గాళ్లు. ఇంత నేలకు ఇంత వెడల్పు గాడి. దీన్ని తెంబుకు అంటారు. ఏరు నిండుగా వస్తే అందరికీ నిండుగా, సన్నగిల్లితే అందరికీ అదే పాలులో సన్నగిల్లి పారుతుంది. తిప్పడానికి చక్రం లేదు, దించడానికి తలుపు లేదు. అర్ధరాత్రి వచ్చి ఎవరైనా గాడి వెడల్పు చేస్తే తెల్లారేసరికి అందరి కంటికీ కనిపిస్తుంది. మోసానికి చోటివ్వని పనిముట్టును ఇంత తక్కువ ఖర్చులో ఏ ఇంజనీరు చేయగలడు?

దుంగకు పైన గుడులు. నీరు మడిలోకి దిగే మూల ప్రతి రైతుకూ ఒక చిన్న పూజాస్థలం ఉంటుంది. సుబక్ మళ్ల తలాపున ఒక గుడి. ప్రతి అడ్డుకట్ట దగ్గరా ఒకటి. ఒకే ఏటి నీళ్లు పంచుకునే అనేక సుబక్‌లకు కలిపి మస్చెతి అనే పెద్ద గుడి. ఏ సుబక్ ఎప్పుడు నారు పోయాలి, ఎప్పుడు నాట్లు వేయాలి, ఎప్పుడు మళ్లను ఖాళీగా వదలాలి అన్న మంతనాలు సాగేది మస్చెతి దగ్గరే. అన్నిటికీ పైన కొండ అంచున ఉలున్ దను బాతూర్. కొత్తగా అడ్డుకట్ట వేయాలన్నా, రెండు సుబక్‌ల తగవు తెగకపోయినా ఆ గుడి మెట్లెక్కాలి. అక్కడి ప్రధాన పూజారిని జెరో గెడె అంటారు. ఆయన బ్రాహ్మణుడు కాడు, సామాన్య కుటుంబంలో పుట్టినవాడు. ముందున్న జెరో గెడె కన్నుమూశాక, పూనకంలో ఉన్న పూజారిణి ఒక పిల్లవాణ్ణి చూపుతుంది. ఆ పిల్లవాడే జీవితాంతం దేవి తరఫున మాట్లాడతాడు. ఆయన చేతిలో సైన్యం లేదు, పోలీసు లేదు. అయినా ఆయన మాటకు కట్టుబడి పై రైతు నీళ్లు వదులుతాడు.

ఎందుకు వదులుతాడు? ఈ భాగంలో నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే. మన శివారు ఆయకట్టు రైతుల గోడు విన్నవాళ్లెవరికైనా ఇదే ప్రశ్న వస్తుంది. కాలువ తలదగ్గర ఉన్నవాడు మూడు పంటలకు నీళ్లు మళ్లించుకుంటే ఆపేదెవరు? భక్తి ఒక్కటే చాలదు. ఆకలి ముందు భక్తి ఎంతకాలం నిలుస్తుంది?

జవాబు పురుగులో ఉంది. వరికి పట్టే సుడిదోమ, పచ్చదోమ, ఎలుక, వీటికి ఎప్పుడూ ఎక్కడో ఒకచోట పచ్చని పైరు కావాలి. పై మడిలో కోత అయ్యేసరికి కింది మడి పొట్ట మీదుంటే అవి కిందికి దిగుతాయి. కింది మడి కోసేసరికి పైన కొత్త నాట్లు పచ్చగా ఉంటే మళ్లీ పైకి ఎక్కుతాయి. తిండికి లోటు లేక ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటాయి. పెద్ద విస్తీర్ణంలో అందరూ ఒకేసారి కోసి, మళ్లను నీళ్లతో నింపి, బాతులను తోలి, కొన్ని వారాలు పైరు లేకుండా ఉంచితేనే వాటికి కడుపు మాడుతుంది. అంటే కింది రైతు తనతో పాటు ఒకే సమయంలో కోయడం పై రైతుకు అవసరం. కింది రైతు అలా చేయాలంటే అదే సమయంలో నాటాలి. నాటాలంటే నీళ్లు కావాలి. ఆ నీళ్లు పై రైతు వదలాలి.

పైవాడి చేతిలో నీరుంది, కిందివాడి చేతిలో పురుగుంది. ఎవరికి వారు బలవంతులే. అందుకే సభలో ఇద్దరూ సమానంగా కూర్చోగలిగారు. ధర్మానికి ఆకలి కూడా తోడైన ఒప్పందం అది. దాని గట్టితనం అందులోనే ఉందని నా నమ్మకం.

అయితే అందరూ ఒకేసారి నాటితే మరో ఇబ్బంది. దమ్ముకు నీళ్లు విపరీతంగా కావాలి. నది మొత్తం ఒక్క వారంలో దమ్ముకు దిగితే ఎవరికీ చాలదు. కాబట్టి ఎన్ని సుబక్‌లు కలిసి నాటాలి, ఎన్ని ఆగాలి అన్న కొలత కుదరాలి. గుంపు చిన్నదైతే పురుగు గెలుస్తుంది, మరీ పెద్దదైతే నీరు చాలదు. మస్చెతి దగ్గర సాగే మంతనాలన్నీ ఆ కొలత కోసమే. శక పంచాంగం కాక, బాలి క్రతువులకు వేరే పంచాంగం ఉంది. దానికి ఏడాదంటే 210 రోజులు. పాత వరి రకాల పంటకాలం కూడా ఇంచుమించు దానికి దగ్గరగా ఉండేది. ఏ పండుగ ఏ పనికి గుర్తో రైతుకు చెప్పనక్కర్లేదు.

బయటివాళ్లకు ఇది చాలాకాలం కనబడలేదు. కాలువలున్న దేశంలో నిరంకుశ రాజు ఉండి తీరాలని 19వ శతాబ్ది యూరప్ మేధావులు అనుకున్నారు. 1957లో కార్ల్ విట్‌ఫోగెల్ ఆ వాదాన్ని పెద్ద గ్రంథంగానే రాశాడు. బాలి రాజులు గుడులు కట్టించిన మాట నిజమే. మెంగ్వి రాజుల తమన్ అయున్ 18వ శతాబ్దిలో కట్టిన రాచ నీటి గుడి. పన్ను వసూలు చేసే అధికారులూ ఉండేవారు. కానీ ఏరు రెండు మూడు రాజ్యాలు దాటి పారేచోట ఏ రాజూ దాని మీద అధికారం చెలాయించలేడు. రాజ్యాలు కొట్టుకున్నా సుబక్‌లు కాలువలు నడుపుకున్నాయి. ఈ సంగతిని 1980లో క్లిఫర్డ్ గీర్ట్జ్ బాలి రాజ్యం మీద రాసిన పుస్తకంలో వాదనగా నిలబెట్టాడు.

డచ్చివారు 1906లో బదుంగ్‌నూ 1908లో క్లుంగ్‌కుంగ్‌నూ ఆక్రమించారు. తుపాకుల ముందుకు రాజులు, రాణులు, పరివారం తెల్లబట్టలు కట్టుకుని నడిచి చచ్చిపోయిన ఆ రెండు రోజులు బాలి మరచిపోలేదు. పాలన చేతికొచ్చాక డచ్చి అధికారులు నీటిపన్నును, లెక్కలను తమ పద్ధతిలో సర్దారు. అంతకు ముందే 1880లలో లీఫ్రింక్ అనే అధికారి ఉత్తర బాలి వరిసాగును దగ్గరుండి చూసి, మెచ్చుకుంటూ వివరంగా రాశాడు. రైతుల నైపుణ్యం వాళ్ల కంటికి ఆనింది. గుడుల పని పూజల వరకేనని మాత్రం అనుకున్నారు. ఆ పొరపాటు స్వతంత్ర ఇండొనేషియా అధికారులకూ వారసత్వంగా వచ్చింది.

1970ల నాటికి ఇండొనేషియా ప్రపంచ మార్కెట్లో భారీగా బియ్యం కొనే దేశం. ఆకలి నిజం, ఆ ఆకలి తీర్చాలన్న పట్టుదల కూడా నిజం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్-8 అప్పటికే తెలుగునాట అడుగుపెట్టింది. 1967లో పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని వేసి పండించిన దిగుబడి దేశమంతా చెప్పుకుంది. అదే వంశపు రకాలు బాలికీ చేరాయి. వాటితో పాటు యూరియా, పురుగుమందు, అప్పు, అన్నీ ఒక మూటగా వచ్చాయి. త్వరగా కోతకొచ్చే రకం కదా, గుడి పంచాంగం కోసం ఆగడమెందుకు, నీళ్లున్నవాడు ఏడాదికి మూడుసార్లు వేసుకోవచ్చని అధికారులు ప్రోత్సహించారు. 1977 నాటికి దక్షిణ బాలి మళ్లలో దాదాపు 70 శాతం కొత్త రకాల కింద ఉన్నాయి.

మొదటి పంటలు బాగా పండాయి. తర్వాత ఏమయిందో ఊహించడం కష్టం కాదు. ఎవరికి వారు నాటారు. పైరు లేని రోజు లేకుండా పోయింది. సుడిదోమ విరుచుకుపడింది. దాన్ని తట్టుకునే ఐఆర్-36 తెచ్చారు. దాన్ని టుంగ్రో వైరస్ పట్టింది. టుంగ్రోను తట్టుకునే రకం తెస్తే దానికి గోధుమరంగు మచ్చ తెగులు వచ్చింది. మందు కొట్టేకొద్దీ సుడిదోమను తినే సాలీళ్లు ముందు చచ్చి, దోమ ఇంకా చెలరేగింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దోమపోటు చూసిన రైతుకు ఈ వరస ఒక్క మాటలో అర్థమవుతుంది.

ఇంతలో 1979లో ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో బాలి నీటిపారుదల పథకం మొదలైంది. పాత అడ్డుకట్టల చోట కాంక్రీటు ఆనకట్టలు, గాళ్ల దుంగల చోట ఎత్తీ దించే ఇనుప గేట్లు. దగ్గర దగ్గరగా ఉన్న అడ్డుకట్టలను ఒకటిగా కలిపేశారు. కాగితం మీద అది పొదుపు. నేల మీద మాత్రం, వేర్వేరు గుడుల కింద వేర్వేరు రోజుల్లో నాటే సుబక్‌లను ఒకే గేటు దగ్గర కట్టిపడేయడం. గేటు తిప్పినవాడిదే నీరు. ఎవరి వాటా ఎంతో కంటితో చూసి చెప్పే వీలు పోయింది. చాలాచోట్ల రైతులు ఆ గేట్లను ఊడదీసి, తమకు తెలిసిన పాలు పద్ధతికి మళ్లించుకున్నారు.

1974 నుంచి బాలిలో తిరుగుతున్న అమెరికన్ మానవశాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్ ఈ పతనాన్ని కళ్లారా చూశాడు. గుడుల కాలపట్టిక తిరిగి రావాలని రైతులు అడుగుతున్నారు, అధికారులు అది ఛాందసమనుకుంటున్నారు. లాన్సింగ్ జేమ్స్ క్రెమర్ అనే జీవావరణ శాస్త్రవేత్తతో కలిసి ఊస్, పెతాను నదుల కింది 172 సుబక్‌లను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. వాన, ఏటి పారుదల, పైరు వయసు, పురుగు పెరుగుదల, అన్నీ లెక్కకట్టారు. ఎవరికి వారు నాటితే ఎంత పండుతుంది, అందరూ ఒకేసారి నాటితే ఎంత, గుడులు చెప్పినట్టు గుంపులుగా నాటితే ఎంత? గుడుల గుంపుకే దిగుబడి ఎక్కువ వచ్చింది. తర్వాత ఇంకొక ముచ్చటైన పరీక్ష చేశారు. గుడుల సంగతే చెప్పకుండా, ప్రతి సుబక్‌నూ తన పక్కవాళ్లలో బాగా పండించినవాడి పద్ధతిని అనుసరించమని వదిలేశారు. కొన్ని పంటకాలాల్లోనే కంప్యూటర్‌లోని సుబక్‌లు గుంపులు కట్టాయి. ఆ గుంపులు అసలైన నీటి గుడుల గుంపులను చాలావరకు పోలి ఉన్నాయి. ఈ ఫలితాలు 1993లో అచ్చయ్యాయి.

అంటే ఆ కాలపట్టికను ఏ మహారాజూ గీయలేదు. పక్కపక్క రైతులు ఒకరినొకరు చూసి, బేరమాడుకుని, తరాలుగా దిద్దుకున్నారు. గుడి ఆ బేరానికి సాక్షిగా నిలబడింది.

1988లో ఆసియా అభివృద్ధి బ్యాంకు తన పథకాన్ని తానే సమీక్షించుకుని, పాత పద్ధతి విలువ గ్రహించకపోవడం వల్ల నష్టం ఎక్కువ జరిగిందని ఒప్పుకుంది. ఒక పెద్ద బ్యాంకు ఇంత స్పష్టంగా రాయడం అరుదు, అందుకు దాన్ని మెచ్చుకోవాలి. అప్పటికే 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించాడు. 1989లో జావాలో రైతులనే మళ్లలో కూర్చోబెట్టి, మంచి పురుగేదో చెడ్డ పురుగేదో లెక్కపెట్టించే శిక్షణ మొదలైంది. మన వ్యవసాయ శాఖ నడిపిన పొలంబడికి మూలం అదే.

తర్వాతి పరిశోధనల్లో మరో సంగతి తేలింది. అగ్నిపర్వతపు రాయి మీదుగా వచ్చే నీటిలో భాస్వరం, పొటాష్ సహజంగానే ఉన్నాయి. బస్తాల లెక్కన వేసిన ఎరువులో చాలా భాగం మళ్లలో నిలవక, నదుల వెంట సముద్రంలోకి పోయి పగడపు దిబ్బలను దెబ్బతీసింది. కాలువ తెచ్చేదంతా మామూలు నీరే అనుకున్నందుకు ఇది శిక్ష.

2012లో యునెస్కో బాలి సుబక్ భూములను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బాతూర్ సరస్సు, దాని గుడి, పకెరిసాన్ లోయ, బాతుకారు కొండ వాలు, తమన్ అయున్, అన్నీ కలిపి దాదాపు 19,500 హెక్టార్లు. అదే ఏడాది బాలి ప్రాంతీయ ప్రభుత్వం సుబక్‌ల మీద ప్రత్యేక చట్టం చేసింది. గౌరవం దక్కింది. దానితో పాటు పర్యాటకుల బస్సులూ వచ్చాయి. జతిలువిహ్ మెట్ల మళ్లను చూడడానికి టికెట్టు పెట్టారు. చూసే మళ్లను దున్నేవాడికి ఆ డబ్బులో ఎంత దక్కాలన్న తగవు ఇంకా సాగుతోంది.

ఇలాంటి వారసత్వానికి రక్షణ అనగానే గట్లకు రాళ్లు పేర్చడం, కాలువకు సిమెంటు పూయడం గుర్తొస్తాయి. అవీ కావాలి. కానీ బాలిలో 1970లలో కూలింది గట్టు కాదు, కాలపట్టిక. మనం 1997లో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టుకున్నాం. ఎన్నికలు జరిగాయి, కాలువ మరమ్మతుల పనులు చేతికొచ్చాయి. ఎవరు ఎప్పుడు నాటాలో కలిసి తేల్చుకునే సత్తా మాత్రం చాలా సంఘాలకు రాలేదని నాకనిపిస్తుంది. చెరువు కింద వంతులు వేసి, చిట్టచివరి మడిదాకా తడి చేరిందో లేదో చూసుకునే నీరటికాడి కుటుంబాలు పక్కకు తప్పుకున్నాయి. నీరటికాడి తలలో ఉన్న లెక్క ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు.

బాలిలో ఇప్పుడు వస్తున్న ముప్పు పురుగు కంటే మొండిది. దక్షిణాన దెన్‌పసార్ చుట్టుపక్కల, ఉబుద్ వైపు మళ్లు విల్లాలవుతున్నాయి. పక్కన హోటలు లేస్తే భూమి ధర పెరుగుతుంది, దానితో పన్నూ పెరుగుతుంది, వడ్లమ్మి ఆ పన్ను కట్టడం కష్టం. కొడుకు హోటల్లో పనికి కుదిరాడు. తండ్రి మడి అమ్మేశాడు. సుబక్ నడుమ ఒక్క మడి పోతే కింది మళ్ల కాలువ ఎవరి పెరట్లోంచి వెళ్లాలి? పూడిక తీసే రోజు విల్లా యజమాని పారతో రాడు. అతనికి వరి లేదు కాబట్టి పై రైతు వదిలే నీటితో పని లేదు. అతని పచ్చగడ్డి మీద సుడిదోమ పెరగదు కాబట్టి పై రైతుకూ అతనితో పని లేదు. వెయ్యేళ్ల పాటు ఇద్దరినీ ఒక సభలో కూర్చోబెట్టిన ఆ పరస్పర భయం అతని దాకా రాదు. అతన్ని ఏ కట్టుబాటుతో సభకు పిలవాలో బాలి పెకాసెలు ఇప్పుడు తేల్చుకోవాల్సి ఉంది.

(వచ్చే భాగం: లూజాన్ కొండల్లో ఇఫుగావోల రాతిగట్ల మళ్లు)